క్షేత్ర పరిశీలనల యాప్‌లు మధ్యలో ఆగిపోవడం: డేటాబేస్ కర్సర్ దోషాలు, వాటి సవరణ

వరి ప్రయోగంలో నాటిన 60వ రోజున పొడి పదార్థం కొరకు కోసిన దుబ్బును 61వ రోజున తిరిగి కోయలేము. పూత దశలో లెక్కించవలసిన పిలకలను గింజ గట్టిపడిన తరువాత లెక్కించి ప్రయోజనం లేదు. కనుక పరిశీలనలను నమోదు చేసే సాధనం ఆ రోజున మొరాయిస్తే, నష్టం ఒక పూట శ్రమతో ముగియదు. ఆ దశకు సంబంధించిన దత్తాంశమే ప్రయోగం నుండి శాశ్వతంగా తొలగిపోతుంది.

కాగితపు క్షేత్ర పుస్తకం స్థానంలో నేడు ఆండ్రాయిడ్ ఫోన్లు, టాబ్లెట్లు ప్రవేశించాయి. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ట్రెవర్ రైఫ్, జెస్సీ పోలండ్ 2014లో ‘క్రాప్ సైన్స్’ పత్రిక ద్వారా పరిచయం చేసిన ‘ఫీల్డ్ బుక్’ వంటి ఉచిత యాప్‌లు ప్రజనన శాస్త్రవేత్తలకు సుపరిచితాలే. వీటితో పాటు, స్నాతకోత్తర విద్యార్థులు తమ ప్రయోగానికి సరిపడే చిన్న యాప్‌లను తామే వ్రాసుకోవడం, లేదా తెలిసిన ప్రోగ్రామర్‌తో వ్రాయించుకోవడం పరిపాటి అయింది. ఇటువంటి యాప్‌లు గదిలో చక్కగా పనిచేసి, పొలంలో క్రాష్ అవుతాయి. అందుకు గల కారణాలలో తరచుగా కనిపించేది డేటాబేస్ కర్సర్‌ను సరిగా నిర్వహించకపోవడం. ఈ దోషం మళ్ళ సంఖ్యతో, ఖాళీ మళ్ళతో, లోపించిన విలువలతో ముడిపడినది. అందువలన దానిని గుర్తించడంలో ప్రోగ్రామర్ కంటే సేద్య విజ్ఞాన విద్యార్థికే అవకాశం ఎక్కువ.

కర్సర్ అనగానేమి?

ఆండ్రాయిడ్ ఫోన్‌లో దత్తాంశం సాధారణంగా ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో భద్రమవుతుంది. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఈ డేటాబేస్ మొత్తం ఒకే ఫైలులో ఇమిడి ఉంటుంది. ప్రత్యేకమైన సర్వర్ అవసరం లేదు. ‘మూడవ పునరావృతంలోని మళ్ళ పిలకల సంఖ్య చూపుము’ అని యాప్ ఒక క్వెరీ పంపితే, జవాబుగా వచ్చేది వరుసల పట్టిక కాదు, ఆ పట్టికను చదవడానికి ఉపకరించే కర్సర్. రిజిస్టరులో ఒక పంక్తిపై వేలు పెట్టి చదువుతూ క్రిందికి జరిపే గుమాస్తాను ఊహించుకుంటే కర్సర్ స్వభావం అర్థమవుతుంది. వేలు ఏ పంక్తిపై ఉంటే ఆ పంక్తిని మాత్రమే చదవగలము.

ఇక్కడ మూడు అంశాలను గుర్తుంచుకోవాలి. మొదటిది, కర్సర్ చేతికి వచ్చినప్పుడు వేలు మొదటి పంక్తిపై ఉండదు, దానికి పైన ఉంటుంది. ఆ స్థానం సంఖ్య -1. రెండవది, క్వెరీ వ్రాసిన వెంటనే అది అమలు కాదు. వరుసల సంఖ్యను అడిగినప్పుడో, వేలిని కదిపినప్పుడో మాత్రమే డేటాబేస్ నుండి వరుసలు తెచ్చుకుంటుంది. ఈలోగా డేటాబేస్‌ను మూసివేస్తే, కర్సర్ చేతిలో ఉన్నా చదవడానికి ఏమీ ఉండదు. మూడవది, తెచ్చిన వరుసలను ఉంచడానికి ఒక మెమరీ విండో కేటాయించబడుతుంది. చాలా ఫోన్లలో దీని పరిమితి 2 మెగాబైట్లు. పని ముగిసిన తరువాత ‘క్లోజ్’ అని చెప్పి ఈ విండోను వ్యవస్థకు తిరిగి అప్పగించవలసిన బాధ్యత కర్సర్‌ను తెరిచిన కోడ్‌దే. పంట కాలువపై తూము ఎత్తినవాడే దించాలి. లేనిచో చివరి భూములకు నీరు అందదు.

ఖాళీ మడి వద్ద ఆగిపోవడం

క్రాష్ అయినప్పుడు లాగ్‌లో ‘ఇండెక్స్ -1 రిక్వెస్టెడ్, విత్ ఎ సైజ్ ఆఫ్ 27’ అని కనిపిస్తే, 27 వరుసలు వచ్చాయి కాని వేలిని మొదటి వరుసపైకి జరపకుండానే చదవబోయారని అర్థం. ఇది మొదటి పరీక్షలోనే బయటపడుతుంది కనుక పొలం వరకు రాదు. పొలం వరకు వచ్చేది దీని తోబుట్టువు: ‘ఇండెక్స్ 0 రిక్వెస్టెడ్, విత్ ఎ సైజ్ ఆఫ్ 0’. అనగా వరుసలే లేవు. ‘మూవ్ టు ఫస్ట్’ అనే ఆదేశం వరుస దొరికితే నిజమని, దొరకకపోతే అబద్ధమని జవాబిస్తుంది. ఆ జవాబును పట్టించుకోకుండా చదవడం ఈ క్రాష్‌కు మూలం. ప్రోగ్రామర్ తన బల్ల వద్ద అన్ని మళ్ళకూ కల్పిత విలువలు నింపి పరీక్షిస్తాడు. ఇంకా పరిశీలన నమోదు కాని మడిని పొలంలో విద్యార్థి తెరిచినప్పుడు గాని లోపం తెలియదు.

దీనికి సంబంధించిన మరొక పొరపాటు యాప్‌ను ఆపదు, అందుకే మరింత ప్రమాదకరం. ‘మూవ్ టు ఫస్ట్’తో మొదటి వరుసకు వెళ్ళి, ఆ వెంటనే ‘మూవ్ టు నెక్స్ట్ నిజమైనంత వరకు’ అనే ఆవృత్తిలో చదివితే మొదటి వరుస ఎన్నడూ చదవబడదు. మడికి 5 దుబ్బుల చొప్పున పిలకలు లెక్కించిన ప్రయోగంలో ప్రతి మడికీ మొదటి దుబ్బు జారిపోయి, సగటు 4 దుబ్బులకే వస్తుంది. విశ్లేషణ పట్టిక చూసినవారికి సంఖ్యలు సహజంగానే అగుపిస్తాయి. ఆవృత్తి ఒక్కటే చాలు: ప్రారంభ స్థానం -1 కనుక ‘మూవ్ టు నెక్స్ట్’తోనే మొదలుపెడితే మొదటి వరుస తప్పిపోదు, ఖాళీ జవాబు వచ్చినా క్రాష్ కాదు.

మూయని కర్సర్లు

ఉదయం సజావుగా పనిచేసిన యాప్ మధ్యాహ్నం మూడవ ప్రయోగం మధ్యలో ఆగిపోయి, ఫోన్‌ను తిరిగి ఆన్ చేసిన తరువాత మళ్ళీ పనిచేస్తే, అనుమానించవలసినది దీనినే. ఒక ఉదాహరణతో లెక్కిద్దాం. 9 చికిత్సలు, 3 పునరావృతాలు గల యాదృచ్ఛిక ఖండ పద్ధతిలో 27 మళ్ళుంటాయి. మడికి 5 దుబ్బులు, దుబ్బుకు 3 లక్షణాలు అనుకుంటే మొత్తం 405 పరిశీలనలు. యాప్ ప్రతి పరిశీలన తెరపై పాత విలువను చూపడానికి ఒక కర్సర్ తెరిచి, దానిని మూయకపోతే, ఒక ప్రయోగం ముగిసేసరికి 405 కర్సర్లు తెరిచి ఉంటాయి. రెండవ ప్రయోగం ముగిసేసరికి 810. మూడవ దానిలో 1,215కు చేరాలి. కాని పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక యాప్ ఏకకాలంలో తెరవగల ఫైలు గుర్తింపుల పరిమితి 1,024. ప్రతి విండోకూ అటువంటి గుర్తింపు ఒకటి కావాలి. పరిమితిని యాప్ ఇతర అవసరాలకు కూడా వాడుకుంటుంది కనుక మూడవ ప్రయోగం పూర్తి కాకముందే అది అయిపోతుంది.

అప్పుడు లాగ్‌లో కర్సర్ విండో కేటాయింపు విఫలమైందని, ప్రక్కన 2097152 అనే పరిమాణంతో వస్తుంది. ఆ సంఖ్య 2 మెగాబైట్లే. దాని తరువాత -24 ఉంటే ఫైలు గుర్తింపులు అయిపోయాయని, -12 ఉంటే మెమరీ చాలలేదని గ్రహించాలి. కొన్ని వెర్షన్లలో ఎన్ని కర్సర్లు తెరిచి ఉన్నాయో కూడా సందేశంలోనే ఉంటుంది. ఆ సంఖ్య పదుల్లో, వందల్లో ఉంటే వేరొక రుజువు అక్కరలేదు. క్రాష్ సందేశం చూపే కోడ్ పంక్తి మాత్రం సాధారణంగా నిర్దోషి. పాత్ర నిండినప్పుడు చివరి చుక్క పోసినవాడు అది. దోషం ఉదయం నుండి మూయకుండా వచ్చిన చోట ఉంటుంది.

ఒకే యాప్ ఒక ఫోన్‌లో ఆగిపోయి, మరొక ఫోన్‌లో ఆగకపోవడం విద్యార్థులను తికమక పెడుతుంది. ఎవరూ వాడని వస్తువుల మెమరీని ఆండ్రాయిడ్ గార్బేజ్ కలెక్షన్ ద్వారా అప్పుడప్పుడు వెనక్కి తీసుకుంటుంది. వదిలివేసిన కర్సర్లు కూడా అప్పుడు మూతపడవచ్చు. ఈ ప్రక్రియ ఎప్పుడు జరిగేదీ చెప్పలేము. పైగా కర్సర్‌ను ఏదో ఒక జాబితా ఇంకా పట్టుకొని ఉంటే దానిని తాకదు. అందువలన ‘నా ఫోన్‌లో బాగానే ఉంది’ అనే మాటకు ఈ విషయంలో విలువ లేదు.

మూయకపోవడానికి ప్రోగ్రామర్ మరచిపోవడమే కారణం కానవసరం లేదు. చివరి పంక్తిలో ‘క్లోజ్’ వ్రాసి ఉన్నా, దానికి ముందే కోడ్ బయటకు వెళ్ళే దారులు ఉంటాయి. వరుస లేకపోతే వెంటనే వెనుదిరుగు అనే పంక్తి వాటిలో ప్రధానమైనది. ఖాళీ మడిని తెరిచిన ప్రతిసారీ ఆ దారిన ఒక కర్సర్ మూయకుండా మిగులుతుంది. చదివేటప్పుడు వేరొక లోపం తలెత్తితే కూడా అంతే. కనుక సవరణ ‘క్లోజ్’ను మరొకచోట వ్రాయడం కాదు. ఏ దారిన బయటకు వెళ్ళినా మూత తప్పనిసరిగా పడే నిర్మాణాన్ని వాడాలి. జావాలో ‘ట్రై విత్ రిసోర్సెస్’, కోట్లిన్‌లో ‘యూజ్’ అనేవి ఆ పని చేస్తాయి. కర్సర్ ఆ పరిధిలోనే పుట్టి, విలువలను సాధారణ జాబితాలోకి నకలు చేసి, అక్కడే ముగియాలి. తెరకు అందవలసినది జాబితా, కర్సర్ కాదు. ఇంతమాత్రం పాటిస్తే ఈ వ్యాసంలోని దోషాలలో సగానికి పైగా తలెత్తవని నా అభిప్రాయం.

మూసిన తరువాత చదవడం

దీనికి విరుద్ధమైన దోషం కూడా ఉంది. ఎండలో తెర కనబడక ఫోన్‌ను అడ్డంగా త్రిప్పుతాము. ఆండ్రాయిడ్ సాధారణంగా ఆ తెరను నాశనం చేసి కొత్తగా నిర్మిస్తుంది. పాత తెర తన కర్సర్‌ను మూసి వెళ్ళగా, జాబితాను చూపే భాగమో, వెనుక నడిచే వేరొక థ్రెడ్డో ఇంకా అదే కర్సర్‌ను చదువుతూ ఉంటే ‘అటెంప్ట్ టు రీ-ఓపెన్ ఏన్ ఆల్రెడీ-క్లోజ్డ్ ఆబ్జెక్ట్’ అనే సందేశంతో యాప్ ఆగిపోతుంది. ఒకే కర్సర్‌ను రెండు థ్రెడ్లు పంచుకోవడానికి అది నిర్మితమైనది కాదు. ప్రతి చిన్న పనికీ డేటాబేస్‌నే తెరిచి మూసే అలవాటు గల కోడ్‌లోనూ ఇదే సందేశం వస్తుంది. డేటాబేస్‌ను యాప్ అంతటికీ ఒకే సహాయక వస్తువు ద్వారా తెరిచి ఉంచడం, కర్సర్లను మాత్రం ఎప్పటికప్పుడు మూయడం సరైన పద్ధతి.

పాత పాఠ్యాంశాలను చూసి వ్రాసిన యాప్‌లలో ‘స్టార్ట్ మేనేజింగ్ కర్సర్’ అనే ఆదేశం కనిపిస్తుంది. కర్సర్ బాధ్యతను తెరకే అప్పగించే ఈ పద్ధతిని ఆండ్రాయిడ్ హనీకూంబ్ వెర్షన్‌లోనే వాడవద్దని ప్రకటించారు. అలా అప్పగించిన దానిని ప్రోగ్రామర్ తిరిగి తానే మూస్తే, ఫోన్ కాల్ మాట్లాడి మళ్ళీ యాప్‌కు వచ్చిన క్షణంలో క్రాష్ అవుతుంది. దాని స్థానంలో వచ్చిన లోడర్ల పద్ధతికి కూడా కాలం చెల్లింది. కర్సర్ అడాప్టర్ వాడినచోట ‘చేంజ్ కర్సర్’ పాత కర్సర్‌ను మూస్తుందని, ‘స్వాప్ కర్సర్’ మూయదని గుర్తించాలి. ఈ రెండింటిని తారుమారు చేస్తే ఒకచోట లీకేజీ, మరొకచోట మూసినదాన్ని చదవడం సంభవిస్తాయి.

కాలమ్‌లు, ఛాయాచిత్రాలు

పంటకాలం మధ్యలో కొత్త లక్షణం చేర్చాలనిపించడం సహజం. ఆకు పచ్చదనపు సూచికను చేరుస్తూ యాప్‌ను నవీకరించి, అప్పటికే ఫోన్‌లో ఉన్న పాత పట్టికకు ఆ కాలమ్‌ను జోడించకపోతే, అన్ని కాలమ్‌లనూ తెమ్మనే క్వెరీ విజయవంతంగానే నడుస్తుంది. కాని కాలమ్ స్థానాన్ని అడిగితే -1 వస్తుంది. ఆ -1తో చదవబోతే ‘రో 0, కాలమ్ -1’ చదవలేకపోయానని యాప్ ఆగిపోతుంది. కాలమ్ లేకపోతే పేరుతో సహా వెంటనే చెప్పే ‘గెట్ కాలమ్ ఇండెక్స్ ఆర్ త్రో’ వాడితే కారణం మొదటి చూపులోనే తెలుస్తుంది. శాశ్వత సవరణ మాత్రం డేటాబేస్ వెర్షన్ సంఖ్యను పెంచి, నవీకరణ భాగంలో కాలమ్‌ను చేర్చడమే.

తెగులు సోకిన ఆకుల ఛాయాచిత్రాలను డేటాబేస్ పట్టికలోనే దాచడం మరొక సాధారణ దోషం. విండో పరిమితి 2 మెగాబైట్లు అన్నాము. నేటి ఫోన్ తీసే చిత్రం దానిని సులువుగా మించుతుంది. ఒక్క వరుస విండోలో పట్టకపోతే ‘రో టూ బిగ్ టు ఫిట్ ఇంటు కర్సర్ విండో’ అని యాప్ ఆగుతుంది. విచిత్రమేమంటే వ్రాసేటప్పుడు ఇబ్బంది ఉండదు, చదివేటప్పుడే ఉంటుంది. చిత్రాలు తీసిన రోజున అంతా సక్రమంగా కనిపించి, తీవ్రత అంచనా వేయడానికి కూర్చున్న రోజున తెరుచుకోవు. చిత్రాన్ని ఫైలుగా దాచి, పట్టికలో దాని చిరునామాను మాత్రమే ఉంచాలి. జాబితా తెరకు చిత్రపు కాలమ్ అవసరం లేదు కనుక క్వెరీలో కావలసిన కాలమ్‌లను పేర్లతో అడగడం మంచిది.

శూన్యం, లోపించిన విలువ

ఇది యాప్‌ను ఆపదు. అయినను సేద్య ప్రయోగాలకు అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఇదేనని నా నిశ్చితాభిప్రాయం. విలువ నమోదు కాని గడిని ‘గెట్ డబుల్’ ఆదేశంతో చదివితే ఎస్‌క్యూలైట్ కర్సర్ 0.0 ఇస్తుంది. ఆ గడిలో గీత గాని, ‘లేదు’ వంటి మాట గాని అక్షరాలుగా ఉన్నా 0.0 ఇస్తుంది. పశువులు మేసిన మడికీ, నిజంగా ఒక్క కంకి కూడా రాని మడికీ తేడా ఉండదు.

ఒక చికిత్సలో రెండు మళ్ళ పిలకలు 14, 16. మూడవది లోపించినది అనుకుందాం. ఉన్న రెంటి సగటు 15. లోపించినది సున్నాగా చేరితే సగటు 10. చికిత్స మధ్యస్థం నుండి అట్టడుగుకు పడిపోతుంది. దోష విస్తృతి పెరిగి ఇతర చికిత్సల మధ్య ఉన్న నిజమైన తేడాలు కూడా మరుగున పడతాయి.

లోపించిన మడికి ఏమి చేయాలో ఫ్రాంక్ యేట్స్ 1933లోనే చూపాడు. యాదృచ్ఛిక ఖండ పద్ధతిలో చికిత్సల సంఖ్యను ఆ చికిత్స మొత్తంతో, ఖండాల సంఖ్యను ఆ ఖండం మొత్తంతో గుణించి కూడి, అందులో నుండి సర్వ మొత్తాన్ని తీసివేయాలి. వచ్చినదానిని ఒకటి తక్కువ చికిత్సల సంఖ్య, ఒకటి తక్కువ ఖండాల సంఖ్యల లబ్ధంతో భాగించాలి. పై ఉదాహరణలో 9 చికిత్సలు, 3 ఖండాలు, చికిత్స మొత్తం 30, ఆ ఖండంలో మిగిలిన 8 మళ్ళ మొత్తం 116, 26 మళ్ళ సర్వ మొత్తం 382 అనుకుంటే, 270కి 348 కలిపి 382 తీసివేయగా 236. దానిని 16తో భాగిస్తే 14.75. దోషపు స్వాతంత్ర్య పరిమితి 16 నుండి 15కు తగ్గుతుంది. ఈ లెక్క వేయాలంటే మడి లోపించినదని ముందు మనకు తెలియాలి. సున్నాను చేతికిచ్చిన యాప్ ఆ సమాచారాన్నే చెరిపివేసింది.

కనుక సంఖ్యను చదివే ముందు ‘ఈజ్ నల్’ అని అడిగి, అవునంటే లోపించినదిగానే ముందుకు పంపాలి. ఎగుమతి ఫైలులో ఆ గడి ఖాళీగా ఉండాలి. 2017లో గూగుల్ విడుదల చేసిన రూమ్ లైబ్రరీ వాడితే వస్తువులను తిరిగి ఇచ్చే క్వెరీలలో కర్సర్లను తెరవడం, మూయడం అదే చూసుకుంటుంది. కొత్త యాప్‌లకు నేను సూచించేది దానినే. అయితే ఆ లైబ్రరీలో కూడా, లోపించగల ప్రతి లక్షణాన్నీ ఖాళీని అనుమతించే రకంగా ప్రకటించవలసిన బాధ్యత మనదే.

పొలానికి ముందు పరీక్ష

పరీక్షా వెర్షన్‌లో ‘స్ట్రిక్ట్ మోడ్’ను ఆన్ చేసి, లీకైన ఎస్‌క్యూలైట్ వస్తువులను పట్టే ఎంపికను చేర్చితే, మూయని కర్సర్ ఎక్కడ తెరుచుకున్నదో లాగ్‌లో తెలుస్తుంది. ఫోన్ డెవలపర్ ఎంపికలలో ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ను ఆన్ చేస్తే, వాడుకరి వదిలిన ప్రతి తెరనూ వ్యవస్థ వెంటనే నాశనం చేస్తుంది, మూసిన కర్సర్‌ను చదివే దోషాలు నిమిషాలలో బయటపడతాయి. ప్రయోగంలోని మొత్తం మళ్ళను, కొన్నింటిని ఖాళీగా, కొన్నింటిని సగం నింపి, ఆపకుండా మూడు మార్లు చుట్టి రావాలి. మధ్యమధ్య తెరను త్రిప్పాలి, ఒక ఫోన్ కాల్ స్వీకరించాలి. ఈ పని నాట్లకు ముందే కావాలి.

నమోదు పద్ధతి గురించి ఒక్క మాట. ప్రతి విలువనూ నమోదు చేసిన వెంటనే డేటాబేస్‌లో స్థిరపరచాలి. ప్రయోగం మొత్తాన్ని ఒకే ట్రాన్సాక్షన్‌గా కడితే, 26వ మడి వద్ద క్రాష్ వచ్చినప్పుడు మొదటి 25 మళ్ళ విలువలు కూడా రద్దవుతాయి. ఒక్కొక్కటిగా స్థిరపరచినవి యాప్ ఆగిపోయినా చెక్కుచెదరవు.

యాప్ పదేపదే ఆగిపోతే చాలామంది చేసే మొదటి పని దానిని తీసివేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం. అప్పటివరకు స్థిరపడిన పరిశీలనలన్నీ ఆ ఒక్క చర్యతో ఫోన్ నుండి పోవచ్చు. సెట్టింగులలోని ‘క్లియర్ డేటా’ కూడా డేటాబేస్‌ను తుడిచివేస్తుంది. ‘క్లియర్ క్యాష్’కు ఆ ప్రమాదం లేదు. ముందుగా యాప్‌ను బలవంతంగా ఆపి తిరిగి తెరిచి, మూయని కర్సర్ల లెక్క సున్నాకు వచ్చిన ఆ కొద్ది వ్యవధిలోనే ఎగుమతి చేసుకోవాలి. ఎగుమతి తెర కూడా తెరుచుకోకపోతే ప్రోగ్రామర్ సహాయంతో డేటాబేస్ ఫైలును కంప్యూటర్‌లోకి నకలు చేయాలి. దాని ప్రక్కనే అదే పేరు చివర ‘-వాల్’ అనే తోకతో మరొక ఫైలు ఉంటే దానిని కూడా కలిపి తీసుకోవాలి. ఇటీవల స్థిరపరచిన విలువలు ప్రధాన ఫైలులోకి చేరకముందు ఉండేది అందులోనే.